మేడమ్ అడిగిన పిండి మర

సాకేత్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా మా మేడమ్ పోయారని సెల్‌కి మెసేజ్ వచ్చింది. నమ్మలేక ఘాజియాబాద్‌లో వాళ్ళింటికి ఫోన్ చేశాను. వాళ్ళబ్బాయి ఎత్తి, "హాఁ అంకుల్, సుబహ్..." అని, పొద్దున జరిగింది చెప్పబోయి ఆగిపోయాడు. ఆరోజు ఏడుపొచ్చింది. కోపం తర్వాత, సంతాపసభలో వచ్చింది.

ఆఫ్రికా దేశాల సేద్యానికి మనం ఏ సాయం పంపాలో ఆలోచించే ఓ చిన్న ప్రభుత్వ విభాగంలో ఆమె నా పై అధికారి. సభలో పెద్దసారు మైకు పట్టుకుని, ట్రాక్టర్ల పథకానికి ప్రాణం పోసింది ఆవిడేనన్నారు. అందరూ తలలూపారు. పోయినవాళ్ళు లేచొచ్చి కాదనలేరు కదా, అందుకని నేనంటున్నాను. ఆ పథకం వద్దని ఆమె చివరిదాకా పోట్లాడారు.

ఆమెది అనంతపురం వైపు. అశోకా రోడ్ గెస్ట్‌హౌస్‌లో మీటింగ్ అంటే మేమంతా ఇడ్లీ, వడ కోసం చూసేవాళ్ళం. ఆమె మాత్రం ఏ పథకం వచ్చినా ఒకటే అడిగేవారు. "వాళ్ళు పొద్దున్నే ఏం తింటారు? అది తెల్సుకోకుండా ఏం పంపిస్తావప్పా?" వెనక మేం సంగటి మేడమ్ అనుకునేవాళ్ళం. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మా దగ్గరికి శిక్షణకు వచ్చిన ఆఫ్రికా అతిథులను ఆదివారం ఇంటికి పిలిచి రాగిసంగటి పెట్టడం ఆమెకు అలవాటు. ఒకసారి తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన వ్యవసాయాధికారిణి ఒకావిడ ముద్దను చూడగానే స్పూను పక్కన పెట్టి చేత్తో తుంచుకుంది. తన తల్లి వండేది అచ్చం ఇదేనంది. మేడమ్ నావైపు తిరిగారు.

"రాగులు ఆ గడ్డనుంచే మనకొచ్చినాయప్పా. మనకు పెట్టినోళ్ళకే తిండి నేర్పించల్లని బయల్దేరినాం."

మీకేం కావాలని మేడమ్ అడిగితే ఆవిడ తడుముకోకుండా చెప్పింది. పొలంపని అయ్యాక ఆడవాళ్ళు రాతిమీద పిండి నూరలేక చస్తున్నారు. ఊరికో చిన్న పిండి మర కావాలి, చెడిపోతే ఊళ్ళోనే బాగుచేసుకునేది.

సోమవారం మేడమ్ ఆ పిండి మర సంగతే మీటింగులో పెట్టారు. పెద్దసారు నవ్వారు. "అచ్ఛా మేడమ్, పిండి మర పక్కన నిలబడితే ఫోటో ఏం వస్తుంది? ట్రాక్టర్ అయితే గ్రాండ్‌గా ఉంటుంది." మిగతావాళ్ళు ఠీక్ హై అన్నారు.

"ఫోటో తిని బతకల్లనా సార్ వాళ్ళు?" అన్నారు మేడమ్.

త్వరలోనే ఆమెను లైబ్రరీకి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. ట్రాక్టర్లు ఓడెక్కి వెళ్ళి, స్పేర్ పార్టులు దొరక్క మూలపడ్డాయని ఆ అతిథే ఫోన్‌లో చెప్పింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చాలామందిని చూశాను. తాము నరికిన చెట్టు పేరే చెప్పుకునేవాళ్ళను ఆ సభలో చూశాను. నా ఒళ్ళు మండిపోయింది.

సభలో దండ వేసి పెట్టిన ఫోటోలో నాకు మేడమ్ కనిపించలేదు. సంగటి పెట్టిన ఆ ఆదివారమే కళ్ళముందు కనిపించింది. వంటింటి మూల తిరగలి చూసి ఆ అతిథి ముచ్చటపడింది. తమ రాయికి పిడి ఉండదంటూ కింద కూర్చుంది. మేడమ్ ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని రాగులు విసిరారు. కాసేపటికి ఆగి, ఎవరి మణికట్టు వాళ్ళు నొక్కుకోసాగారు. ఒకరినొకరు చూసుకుని నవ్వారు, చేతులింకా మణికట్ల మీదే ఉన్నాయి.