బావ కారు నెంబరు

చనిపోయిన బావ కారు నెంబరు ఈ రోజు మా అక్క కొన్న కొత్త కారుకు వచ్చింది. దానికోసం అక్క వేలూరు ఆర్టీవో ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగింది. సాయంత్రం గుడియాత్తంలో అక్క ఇంటి ముందు కారు నెంబరు ప్లేటుకు కుంకుమ పెట్టి, హారతి ఇవ్వమని అక్క అత్తగారిని పిలిచాను.

ఆవిడ నెంబరు చూసి, వీధంతా వినేలా అంది: "మొగుణ్ణి నిలుపుకోలేకపోయినావు, వాడి నెంబరు మాత్రం బాగా నిలుపుకొన్నావు గదమ్మే!"

 అక్క కారు తలుపు తీసి, "ఎక్కు అత్తా, నిన్ను డాక్టరు కాడికి తీసుకుపోవాల, టైమవతా ఉండాది" అంది.

ఆవిడ దర్జాగా ముందు సీట్లో కూర్చుని, ఏసీ పెంచమంది.

అక్క స్థానంలో మీరుంటే తలుపు తీసేవాళ్ళా? నేనైతే తీసేదాన్ని కాదు.