పారాణి పెట్టిన గిటారు

కరోనా తగ్గి పెళ్లిళ్లూ కచేరీలూ మళ్లీ మొదలైన ఏడాది, దసరా రోజుల్లో, నేను తెనాలిలో ఒక స్టేజీ ఆర్కెస్ట్రాకి లీడ్ గిటారిస్టుని. ఈ పని తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. రిథమ్ గిటారు పాట వెనకాల తాళానికి తోడుగా నడుస్తుంది. బేస్ గిటారు అడుగు స్వరాలు పట్టుకుంటుంది. పల్లవికీ చరణానికీ మధ్య, గాయకులు ఊపిరి తీసుకునే చోట వచ్చే వాయిద్య భాగాన్ని మేం ‘బిట్’ అంటాం. ఆ బిట్లు వాయించేది లీడ్. బిట్ తప్పిందంటే హాల్లో పిల్లాజెల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకే లీడ్ కుర్చీని ముందు వరుసలో, గాయకుల పక్కనే వేస్తారు. మా చుట్టుపక్కల ఆ కుర్చీలో చీర కట్టుకుని కూర్చున్న మనిషిని నేనొక్కదాన్నే. ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు, తెలిసినా ఒప్పుకోను.

ఆ కుర్చీ నాకిచ్చింది ఆర్కెస్ట్రా పెట్టిన పెద్దాయన. ఆయన పోయాక పెత్తనం కొడుకు శ్రీధర్ చేతికొచ్చింది. లాక్‌డౌన్‌లో బీరువా మీదే పడి ఉండి నా పాత గిటారు మెడ వంగిపోతే, రేపల్లెలో చర్చిలో వాయించి మానేసిన ఒకాయన దగ్గర వాడిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాను. నాదం బంగారం. ఒంటి మీద నల్ల రంగు మాత్రం పెచ్చులూడి, పగుళ్లిచ్చి, చూడ్డానికి గజ్జి కుక్కలా ఉంది.

రిహార్సల్లో దాన్ని చూడగానే శ్రీధర్ మొహం చిట్లించాడు. “అక్కా, ఇదేంటండీ? దీంతో స్టేజీ ఎక్కితే మన పరువు పోద్ది. బాపట్ల రిసెప్షన్‌కి అందరికీ తెల్ల కోట్లు కుట్టిస్తున్నా. డ్రమ్సూ తెలుపే, స్టాండ్లూ తెలుపే. దీనికీ తెల్ల రంగు కొట్టించండి. లేదంటే బిట్లు కీబోర్డులో లాగించేద్దాం. మీరు కోరస్‌లో నిలబడి కంజిరా పట్టుకోండి.”

నాకు ఒళ్లు మండిపోయింది. అసలు సంగతి రంగు కాదు. కీబోర్డులో మీట నొక్కితే గిటారు శబ్దం వచ్చేస్తుంటే గిటారు మనిషి ఎందుకని అతని లెక్క. రంగు ఒక సాకు. సాకు దొరకనివ్వకూడదని, తెలుపే వేద్దామని ఆ రోజుకి ఇంటికొచ్చేశాను.

అంగలకుదురులో మా ఇంటి పెరట్లోనే పని పెట్టుకున్నాను. ముందు తీగలు విప్పాలి. వెనక పలకకున్న మరలు తీస్తే మెడ ఊడొస్తుంది. లోపలి వైర్లని ఏది ఎక్కడిదో ఫోటో తీసుకుని, టంకం కరిగించి విడదీయాలి. ఫ్యాక్టరీ రంగు గాజులా మందంగా ఉంటుంది, థిన్నర్‌కి లొంగదు. వేడిగాలి మిషన్‌తో మెత్తబరిచి రేకుతో గీకాలి. ఆ తర్వాత ఉప్పుకాగితం, మొదట గరుకుది, పోనుపోను నున్ననిది, ఎప్పుడూ చెక్క గీత వెంటే. అడ్డంగా రుద్దారో, పడ్డ గీతలు జన్మలో పోవు. నల్ల రంగంతా పోయాక లోపల లేత గోధుమ వన్నె చెక్క బయటపడింది. చెయ్యి వేస్తే పట్టులా ఉంది. దీని మీద తెల్ల రంగు కొట్టాలా అని ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు సీలర్ పూయాలి. సీలరంటే చెక్క రంధ్రాలు మూసేసే మొదటి పూత. ఆ రోజే ఆయుధపూజ. నేను టిఫిన్ చేసి పెరట్లోకి వెళ్లేసరికి గిటారు పీట మీద ఉంది. నడుమంతా తడి పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు, పైన చామంతులు. పక్కన మా అత్తగారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పేరాల నేతింటి ఆడపడుచు. దసరాకి మగ్గానికి పసుపు రాయకుండా పచ్చి మంచినీళ్లు ముట్టని ఇల్లు వాళ్లది.

“అయ్యో అత్తయ్యా! పచ్చి చెక్కండీ అది!” అని కేక పెట్టాను.

“అయితే ఏంటే? మగ్గం మాత్రం చెక్క కాదా? నీకు కూడెట్టే పనిముట్టుకి ఇవాళ బొట్టెట్టకపోతే ఇంకెప్పుడెడతావు?” అన్నారావిడ, నన్నే తప్పు పడుతూ.

తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. థిన్నర్‌తో తుడిస్తే ఇంకా పాకింది. ఉప్పుకాగితంతో రుద్దితే, పైది పోయింది గానీ రంధ్రాల్లోకి దిగింది దిగినట్టే ఉంది. ఒక మూల తెల్ల రంగు కొట్టి చూశాను. ఆరేసరికి లోపలి పసుపు పైకి ఊరి, కామెర్లొచ్చిన కన్నులా తయారైంది. నేను తల పట్టుకుని కూర్చుంటే అత్తగారు వచ్చి వేలితో తడిమి చూశారు.

“పట్టేసిందే అమ్మాయ్. ఇంక వదలదు. నూలుకైనా ఇంతే. మచ్చ పోకపోతే బట్టంతా అదే రంగులో ముంచేవాళ్లం.”

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం అత్తగారి మీద కాదు. ఎవరి తెలుపు కోసం నేనింత ఏడుస్తున్నాను? నా గిటారుకి నా ఇంట్లో పూజ జరిగితే అది మచ్చ ఎట్లా అయింది? మూలన కొట్టిన తెలుపు గీకేసి, ఆ రంగు డబ్బాకి మూత బిగించి అటక మీద పడేశాను.

పాలిష్ పనికి వాడే స్పిరిట్‌లో పసుపు కొమ్ముల పొడి నానబెట్టి, గుడ్డలో వడకట్టి, చెక్కంతా అద్దాను. మచ్చలన్నీ ఆ పసుపులో కలిసిపోయాయి. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని పెళ్లికూతురి కాళ్లకి పారాణి కలిపిన ఏ ఆడదానికైనా తెలుసు. తమలపాకుల్లోకి వాడే సున్నాన్ని నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని కుంచెతో అంచుల వెంబడి పూశాను. చూస్తూండగానే అంచులు ఎర్రబారాయి. మధ్యలో పసుపు, పోనుపోను చివర్లకి పారాణి. అత్తగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు.

పైన నిగనిగలాడే లక్కర్ స్ప్రే చేశాను. మొదటి పూతలు మంచు పడ్డంత పలచగా ఉండాలి, లేకపోతే పసుపు కరిగి కారుతుంది. గాలిలో తేమ ఉంటే లక్కర్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది కాబట్టి ఎండ బాగా ఎక్కాకే స్ప్రే పట్టేదాన్ని. ఎండకి పసుపు వెలిసిపోతుందని తెలుసు. వెలిస్తే వెలవనీ అనుకున్నాను. పూతలు ఆరాక మెడా వైర్లూ తీగలూ మళ్లీ బిగించాను.

బాపట్ల కల్యాణమండపంలో పెట్టె తెరవగానే శ్రీధర్ పరుగెత్తుకొచ్చాడు. “ఏంటండీ ఇది? నేనేం చెప్పాను, మీరేం చేశారు? పెట్టెలో పెట్టేసి కోరస్‌లోకి వెళ్లండి అక్కా.”

“వెళ్లను బాబూ.”

“అక్కా, ఓనర్ని నేనా మీరా?”

“ఓనరువి నువ్వే. లీడ్ మాత్రం నేను” అని వెళ్లి ముందు వరుస కుర్చీలో కూర్చున్నాను. తెల్ల కోటు కూడా తొడుక్కోలేదు. జనం వచ్చేస్తున్నారు, స్టేజీ మీద ఒక ఆడమనిషిని చెయ్యి పట్టి లేపలేడు. శ్రీధర్ సౌండ్ మనిషితో చెప్పి మిక్సర్లో నా లైను మూయించాడు. నేనూ తక్కువ తిన్నానా? ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత యాంప్లిఫయర్‌కి వైరు తగిలించి దాని గొంతు పెంచాను. మొదటి పాట మొదటి బిట్‌కి కీబోర్డూ నేనూ ఒకేసారి అందుకున్నాం. రెండో బిట్‌కి కీబోర్డు కుర్రాడు నా వైపు చూసి చేతులు వెనక్కి తీసేశాడు. ఇక ఆ పూట బిట్లన్నీ నేనే వాయించాను.

మధ్యలో పెళ్లికూతురి నాయనమ్మ స్టేజీ దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చూసింది. “ఏంటమ్మాయ్, గిటారుకి కూడా పారాణెట్టావా?” అంది గట్టిగా. ముందు వరుసలన్నీ గొల్లున నవ్వాయి. “పెళ్లికొచ్చింది కదండీ పిన్నిగారూ, పెట్టొద్దా మరి!” అన్నాను. శ్రీధర్ మాత్రం నవ్వలేదు.

తర్వాతి ప్రోగ్రాముకి నాకు కబురు రాలేదు. వస్తుందని నేనూ ఎదురుచూడలేదు. రేపల్లెలో వేరే బృందంలో చేరి, పోయినేడు వేళ్ల కీళ్లు మొరాయించేదాకా అదే గిటారు వాయించి పని మానుకున్నాను. తెల్ల రంగు కొట్టుకెళ్లి ఉంటే నా చోటు నిలిచేదని ఇప్పటికీ కొందరంటారు. నిలిచేది కాదు. మనల్ని వద్దనుకున్నవాడికి ఈ రంగు కాకపోతే ఇంకో వంక దొరుకుతుంది. అలాంటివాడి కోసం పనిముట్టు రంగు మార్చుకోకూడదని ఆ ప్రోగ్రాము నేర్పింది. రేపల్లె బృందంలోకి నేను లీడ్‌గా వెళ్లాను, లీడ్‌గానే స్టేజీ దిగాను.