పొడుగు కీలు పడవ

ప్రొద్దుటూరులో బంగారం కొంటానంటే ఎవరూ తల తిప్పి చూడరు. పడవ కొంటానన్నాను. టీ అంగట్లో అందరి గ్లాసులూ చేతుల్లోనే ఆగిపోయాయి. "పెన్నలో మోకాలి లోతు నీళ్లు లేవు, యాడ తిప్పుతావప్పా?" అని ఒకాయన అడిగాడు. "వానొచ్చేదాకా ఇసకలో తోసుకుంటా పోతాడులే" అని పక్కాయన నా తరఫున జవాబిచ్చాడు. నేనూ నవ్వాను. అది నలభై అడుగుల తెరచాప పడవ అనీ, నడిసముద్రంలో వారాల తరబడి ఉండాల్సిన పడవ అనీ టీ చల్లారేలోపు ఎవరికి చెప్పగలను?

నేను సరుకు ఓడల్లో ఇంజను మనిషిని. ఉద్యోగమంతా సముద్రం మీదే గడిచింది గానీ సముద్రాన్ని చూసింది తక్కువ. ఇంజను గదికి కిటికీలుండవు. సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు కొచ్చిలో ఒక మిత్రుడి దగ్గర రెండు మూడు రోజులు ఆగేవాణ్ణి. అతని చిన్న తెరచాప పడవలో తిరగడం నేర్చుకున్నాను. ఇంజను మోత లేకుండా పడవ కింద నీళ్లు జారే చప్పుడు మొదటిసారి విన్నది అక్కడే. ఆ రోజు పట్టిన పిచ్చి ఇంతవరకూ వదల్లేదు.

పిచ్చి నాది. కానీ పడవ నా ఒక్కడి కోసం కాదు. పెళ్లయినప్పటి నుంచీ ఏడాదికి మూడు నెలలే నేను ఇంట్లో మనిషిని. మిగతా తొమ్మిది నెలలూ మా ఆవిడ పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడ ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా ఫైళ్లు చూసి, సాయంత్రం ప్రొద్దుటూరు బస్సెక్కి ఇంటికి చేరేది. పోయిన ఎండాకాలంలో ఆమె కూడా రిటైరయింది. ఇక సముద్రం మీద ఒంటరిగా ఉండటం నా వల్ల కాదు. ఆమె వస్తేనే పడవ, రాకపోతే ఆ ఆలోచనే వద్దు. ఈ ముక్క ఆమెతో చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆమె అంతా విని, పప్పు గుత్తి పక్కన పెట్టి, "నోటు పెట్టు, చూస్తా" అంది.

ఆఫీసులో పనిచేసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏ విషయమైనా ఎందుకు, ఏమిటి, ఎలా అని కాగితం మీద రాసి పెడితే తప్ప ఫైలు కదలదు. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా నోటు మీదే వచ్చింది. సరే, కూర్చుని రాశాను. కొచ్చి మిత్రుడి దగ్గర అమ్మకానికి రెండు పడవలున్నాయి. ఒకటి బరువుది. అడుగు లోతుగా, పక్కలు గుండ్రంగా ఉంటాయి. పొట్ట కింద ముందు నుంచి వెనక దాకా పొడుగాటి కీల్, అంటే కదలని అడుగు దూలం, ఉంటుంది. చుక్కాని దాని వెనక అంచుకే తగిలించి ఉంటుంది కాబట్టి కింద ఏం తగిలినా ముందు దెబ్బ కీల్‌కే. రెండోది తేలికది. అడుగు పళ్లెంలా చదును, నడిమిలో రెక్కలాంటి పొట్టి కీల్, చుక్కాని వేరుగా వేలాడుతుంది. వేగంగా పోతుంది. నా అభిప్రాయంలో బరువుదే మేలు. వారం లోపల ఏదో ఒకటి చెప్పమని మిత్రుడు అడుగుతున్నాడు. ఇదీ నా నోటు, రెండు పేజీలు.

మరుసటి రోజు కాగితం ఎర్ర సిరా నిండి తిరిగొచ్చింది. "పక్కలు గుండ్రంగా ఉన్నందువలన ప్రయోజనం ఎవరికి?" అని ఒక చోట. "వేగంగా పోవునది వద్దనుటకు కారణం చూపలేదు" అని ఇంకో చోట. చివరన, "దరఖాస్తుదారునికి ఒక పడవపై ముందే మనసు పడినట్లు కనిపించుచున్నది. తిప్పి పంపడమైనది." నాకు ఒళ్లు మండింది. ఇంజను గదిలో నా మాటకు ఎదురుండేది కాదు మరి. కానీ చివరి వాక్యం మాత్రం నిజమే.

"కాగితం మీద అందరి పడవలూ తేల్తాయి. నీళ్ల మీద చూపించు" అంది.

చూపించాలంటే బొమ్మలు చేయించాలి. మా వీధి చివర తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి ఒకాయన ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, మామా అని పిలుస్తాను. ఆయనకు అంతా వివరంగా చెప్పాను, మూరెడు పొడుగున రెండు పడవలు, కొలతలతో సహా. "ఒకదానికి అడుగున కొస నుంచి కొస దాకా పొడుగు కీల్ ఉండాల మామా. ఇంకోదానికి నడుమ పొట్టి కీల్ చాలు. ఆ కీల్‌లోనే ఉంది పనంతా" అన్నాను. "నువ్వు నిమ్మళంగా పో అప్పా, కీలు సంగతి నాకు ఇడ్సిపెట్టు" అన్నాడు.

రెండు రోజులకు మా ఆవిడనూ వెంటబెట్టుకుని పోయాను. పడవలు చూడముచ్చటగా ఉన్నాయి. నున్నగా చిత్రిక పట్టి, నూనె కూడా పూశాడు. తిరగేసి చూశాను. బరువుదాని అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు మెరిసిపోతున్న ఇత్తడి కీలు! తలుపుకు వేసే కీలు. దానికి వేలాడుతున్న చెక్క, చెయ్యి తగిలితే అటూ ఇటూ ఊగుతోంది. తేలికదానికి కిటికీ రెక్క కీలు బిగించాడు.

"పొడుగు కీలు యాడా దొరకల్యా. పాత బీరువాది పీకినా" అన్నాడు మామ గర్వంగా. "ఉప్పునీళ్లు గదా, ఇనుముదైతే తుప్పు పడ్తాదని ఇత్తడిదే ఏసినా. రెండు పక్కలకూ ఎంత సులువుగా ఆడ్తాందో సూడు!"

నేను కీల్ అన్నాను. ఆయన కీలు విన్నాడు. తప్పు ఆయనది కాదు, యాభై ఏళ్లుగా ఆయన చేతి కింద కీలంటే అదే. మా ఆవిడ నవ్వలేక చెక్కల దొంతి మీద కూలబడింది. "వయసు మళ్లిన మొగుడూ పెండ్లాం ఎక్కే పడవ, కీళ్లు ఉండాల్సిందేలే. నొప్పులొస్తే జండూబామ్ రాద్దాం" అంది. ఆమె అంతగా నవ్వడం చూసి ఎంత కాలమైందో. నాకు కోపం రావాల్సింది, రాలేదు.

"మామా, అది కదలగూడదు. మనిషికి వెన్ను మాదిరి" అన్నాను.

"వెన్నా? ఆ మాట ముందే అనింటే అయిపోతాండె గదా! కీలనీ గీలనీ నన్ను బజారంతా తిప్పితివి" అని నన్నే కసిరాడు. సాయంత్రానికి కీళ్లు ఊడదీసి, వెన్నులు చెక్కి, బరువుదాని వెన్నులో ఎక్కువగా, తేలికదానిలో తక్కువగా సీసం పోసి ఇచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో కీల్ అన్న మాట లేదు, వెన్నే.

ఇక నీళ్లు కావాలి. పులివెందుల దగ్గర మా ఆవిడ అన్నకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. నాకు బావ. చెట్లకు డ్రిప్పుతో పెట్టే నీళ్లు నిలవ చేయడానికి తోట మధ్యలో ప్లాస్టిక్ పట్ట పరిచిన పెద్ద కుంట తవ్వించాడు. మా సముద్రం అదే. రుమాళ్లతో తెరచాపలు కట్టి, పడవలు రెండూ ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయాం. కండక్టరు వాటికి టిక్కెట్టు కొట్టనందుకు నేను కృతజ్ఞుణ్ణి.

బావ ఒకప్పుడు ఎద్దుల సంతలో పేరున్న మనిషి. ఆయన తట్టి చూసి బాగుందన్న ఎద్దును కళ్లు మూసుకుని కొనేవాళ్లు. పడవల్ని కూడా వెన్ను నిమిరి, పొట్ట కింద చెయ్యి పెట్టి, ఎత్తి బరువు చూశాడు. పోయి మోటారు వేశాడు. నాలుగంగుళాల పైపు నుంచి నీళ్లు కుంటలో పడుతుంటే అలలు లేచాయి.

రెండింటినీ అలలకు ఎదురు వదిలాను. తేలికది ప్రతి అల మీదికీ లేచి టప్పున కింద పడింది. చదును అడుగు కదా, అరచేత్తో నీళ్లను కొట్టినట్టే చప్పుడు. బరువుది అలను కోసుకుంటూ ముక్కు కొంచెం ముంచి, కొంచెం లేపి, తన దారిన తాను పోయింది.

"లోపల మనిషుంటే ఆ టపటపకు నిద్ర పడతాదా?" అని మా ఆవిడ అడిగింది.

"పడదు. గుండ్రటి పక్కల ప్రయోజనం ఎవరికని రాస్తివి గదా, నిద్రపొయ్యేవాళ్లకి" అన్నాను. నోటులో ఒక ఎర్ర గీత అక్కడ తీరింది.

తరువాత చుక్కానులు పక్కకు తిప్పి వదిలాను. తేలికది ఉన్నచోటే గిర్రున తిరిగింది. బరువుది కుంటలో సగం దూరం పోయి గానీ మళ్లలేదు. బావ పెదవి విరిచాడు. "ఇది వట్టి మొండిది బావా. సాలు చివర తిరగని ఎద్దును ఎవడన్నా కొంటాడా? ఎనక్కన్నా పోతాదా?"

"సరిగ్గా పోదు" అని ఒప్పుకున్నాను. "కానీ సముద్రానికి గెనాలూ గట్లూ ఉండవు బావా. పట్టిన సాలు ఇడ్సకుండా పదైదు దినాలు పొయ్యేదే మనకు గావాల. మొండివాడు రాజుకన్నా బలవంతుడు."

"మొండోడు బలవంతుడే. వాన్తో కాపురం జేసేటోళ్లను అడుగు" అన్నాడు బావ, చెల్లెలి వైపు చూసి.

చెల్లెలు నవ్వలేదు. కుంట గట్టు మీద గొంతుకూర్చుని నీళ్లనే చూస్తోంది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు" అంది. "నడిసముద్రంలో నువ్వు జారి నీళ్లల్లో పడితివి. పడవలో నేనొక్కదాన్నే ఉండా. ఏ పడవ బిరబిరా తిరుక్కోని నీ కాడికి వస్తాది?"

ఇన్ని నెలలుగా పడవల గురించి చదివాను, గీశాను, కొలిచాను. ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. వాంతులు కాకుండా, భయపడకుండా ఆమెను ఎలా తీసుకుపోవాలన్నదే నా ధ్యాస. నన్ను పోగొట్టుకుంటానన్న భయం ఆమెకు ఉంటుందని తట్టనే లేదు. బరువుదే అని అబద్ధం నాలుక కొస దాకా వచ్చింది. ఆమెకు అబద్ధం చెప్పి సముద్రం మీదికి తీసుకుపోతే నేను మనిషిని కాను.

"తేలికదే" అన్నాను. "అదే బిరబిరా తిరుగుతాది."

ఆమె లేచి చీర దులుపుకుంది. అయిపోయిందనుకున్నాను.

"ఉండు, ఇంకోటి ఉంది" అన్నాను. చీనీ చెట్ల మీంచి గాలి బాగానే వీస్తోంది. బరువు పడవను తెచ్చి, దాని ముందు తెరచాపను గాలికి ఎదురుగా తిప్పి కట్టాను. చుక్కానిని ఒక పక్కకు తిప్పి దారంతో బిగించాను. నీళ్లలో పెట్టి చెయ్యి తీశాను. తెరచాప ఒక వైపు నెడుతుంది, చుక్కాని ఇంకో వైపు తిప్పుతుంది, ఆ పొడుగు వెన్ను పక్కకు జారనివ్వదు. పడవ ముందుకు పోలేదు. ఉన్నచోటే ఊగుతూ నిలబడింది, గట్టుతో పోల్చి చూస్తే జరిగినట్టే లేదు. తేలికదాన్ని అట్లాగే కట్టి వదిలితే ముక్కు అటూ ఇటూ తిప్పుకుంటూ ఎటో కొట్టుకుపోయింది.

"ఇది తిరిగి రాదు" అన్నాను. "ఆగుతాది. నేను పడితే నువ్వు చుక్కానొకటి తిప్పి కట్టేస్తే చాలు, పడవ మళ్లేటప్పుడు ముందు తెరచాప దానంతటదే గాలికి ఎదురు పడతాది, ముట్టుకునే పని గూడా లేదు. నేను ఈదుకోని వచ్చేదాకా ఆడనే నిలబడతాది."

పైపు నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఆమె వంగి ఆ పడవను వేలితో కొంచెం నెట్టి చూసింది.

"అయితే ఇదే తీసుకో" అంది. "పోయినోడు వచ్చేదాకా ఉన్నచోట నిలబడేది నాకు కొత్త పనేం గాదు. ఇరవై ఆరేండ్లు చేసినా."

బావ గబగబా మోటారు ఆపే మిషతో అటు వెళ్లిపోయాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆమె ఒక్క మాట అనలేదు. ఆ సిగ్గుతో పాటే చెప్పలేనంత సంతోషమూ కలిగింది. వెంటనే కొచ్చికి ఫోన్ చేసి, బరువుదే ఖాయం చేయమని మిత్రుడితో చెప్పాను. కాగితాలు ఈ రోజే మొదలుపెడతానని అతను ఒక్కో వివరమూ అడుగుతూ పోయాడు. చివరికి, "పడవలో ఎంతమంది ఉంటారని రాయను?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఫోన్ దగ్గరికి వంగింది.

"రెండు అని రాయమను" అంది. "అంకెలో మాత్రమే రాస్తే ఎవురన్నా దిద్దుతారు. అక్షరాల్లో గూడా రాయమను."