చీటీలు పిలిచే పిల్ల

డాక్టరుగారి గది బయట చీటీల ప్రకారం రోగుల్ని పిలిచే ఆ అమ్మాయి ఇరవై రెండేళ్లకే నలభై కథలు రాసింది. పత్రికలు ఒక్కటీ వేయలేదు. అయినా కలం కింద పెట్టిందా? లేదు! కథల్ని ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి, రోగులు కూర్చునే బల్లల ఎదుట గోడకు అంటించేది. జనం మాత్రం ఫ్యాను వైపే చూసేవారు. ఒకనాడు చూపు ఆనని ముసలమ్మ ఒకామె, "రోజూ ఏదో అంటిస్తావేమే పిల్లా? నా వంతు వచ్చేలోగా కాస్త చదివి వినిపించు" అంది. అమ్మాయి గోడ మీది కాగితం ఊడదీసి చదవడం మొదలుపెట్టింది. రెండో పేరా దగ్గర ముసలమ్మ ఆవులించింది. అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు, ఆ పేరాను అక్కడికక్కడే కొట్టేసి ముందుకు సాగింది. వెనక బల్లల వాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఎంతకీ పిలుపు వినబడక డాక్టరుగారే బయటికొచ్చి, "పదిహేనో నంబరు ఎవరండీ?" అన్నారు.

"నేనే నాయనా," అంది ముసలమ్మ కదలకుండా. "నా మోకాలు ఎక్కడికీ పోదులే. పదహారును పిలుచుకో."

పదహారో మనిషీ లేవలేదు.