రాజేశ్వరమ్మ చేసిన ఉల్లికాడల చట్రం

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊరి శివార్లలో ఉన్న కూరగాయల ప్యాకింగ్ షెడ్డులో ఆ రోజు సూపర్‌వైజర్ గ్రాహమ్‌కు సర్టిఫికెట్ ఇచ్చారు. ఉల్లికాడలు కట్టలు కట్టే పనిని రెండింతలు వేగం చేసిన చెక్క చట్రం అతని ఆలోచనేనట. దాన్ని తన వంటింట్లో కూర్చుని చెక్కిన రాజేశ్వరమ్మ మూడో వరసలో నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

కామారెడ్డి దగ్గర పల్లెలో ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులవి. ఇరవై ఐదు బీడీలను లెక్కపెట్టకుండానే పిడికిట్లోకి తీసుకుని దారం చుట్టేసేవి. ఆ నేర్పునే చెక్కలో పెట్టింది. పలకకు ఒక గాడి, గాడి వెనక అడ్డుచెక్క. కాడల వేళ్లను అడ్డుచెక్కకు ఆనించి గాడి నింపితే సరిగ్గా పది కాడలు పడతాయి.

ఆమె భర్త లింగయ్య రెస్టారెంట్‌లో వంట చేస్తాడు. సంగతి విని మండిపడ్డాడు. "నోట్లె నాలుక లేదా నీకు? నాది అని అడగరాదూ?"

"అడిగి పని పోగొట్టుకోమంటవా? ఊకో."

ఊరుకుంది గానీ, ఒక కిటుకు మాత్రం దాచుకుంది. చలికాలం కాడలు సన్నం, ఎండాకాలంవి లావు. దానికి తగ్గట్టు గాడి అడుగున పలచని చెక్కముక్క పెట్టాలి, లేదా తీసెయ్యాలి. అది గ్రాహమ్‌కు తెలియదు. తెలియనివ్వకూడదని ఆమె పంతం.

ఆ వారమే కూతురు లాస్యకు స్కూల్లో వ్యాసం ఇచ్చారు. కాగితం, అచ్చు, దిక్సూచి, తుపాకిమందు ముందు కనిపెట్టింది చైనావాళ్లయితే, ప్రపంచం మీద పెత్తనం యూరప్‌కు ఎలా దక్కింది?

"మమ్మీ, మీ షెడ్‌లో క్వాన్ ఆంటీ చైనీస్ కదా, ఆస్క్ హర్!"

మర్నాడు భోజనం వేళ సర్వపిండి ముక్క చేతిలో పెట్టి రాజేశ్వరమ్మ అడిగేసింది. డెబ్భై ఏళ్ల మిసెస్ క్వాన్ పగలబడి నవ్వింది.

"రాజీ, నేను హట్‌లో పుట్టాను. నా చైనా అంతా టేక్‌అవే మెనూలోనే ఉంది!"

నవ్వాపుకుని, తాను చదివినది చెప్పింది. దీనికి ఒక్క కారణం లేదంది. మట్టితో విడి అక్షరాలు చేసి అచ్చు వేసే పద్ధతి ఒక సామాన్యుడు కనిపెట్టాడు. కానీ వేల అక్షరాల లిపికి చెక్క పలకల అచ్చే చవక. పెద్ద పెద్ద ఓడలు సముద్రాలు దాటాయి, రాజకొలువు వద్దనగానే ఆగిపోయాయి. పదవులు పరీక్ష రాసినవాళ్లవి, పనిముట్టు చేసినవాళ్లవి కావు. యూరప్‌లో అయితే ఒక రాజు గెంటేసిన పనివాడిని పక్క రాజు పిలిచేవాడు. తర్వాత బొగ్గు కలిసొచ్చింది, వలసరాజ్యాల దోపిడీ కలిసొచ్చింది.

"అయినా చైనా ఎందుకు ఏలలేదని అడగడమేమిటి? మా తాత కూడా ఎవరినీ ఏలలేదు. చైనావాడైనందుకు ప్రత్యేకంగా పన్ను కట్టి ఈ దేశంలో దిగాడు, క్యాబేజీ పండించి ఊరికి తిండి పెట్టాడు. అతని పేరు ఎక్కడా లేదు, అదీ నా బాధ."

రాజేశ్వరమ్మ మెల్లగా తన కిటుకు సంగతి బయటపెట్టింది. మిసెస్ క్వాన్ నవ్వలేదు. "నువ్వు ఆ చట్రం తెచ్చిన మొదటి రోజు నేను చూశాను. సర్టిఫికెట్ రోజు నేనూ చప్పట్లు కొట్టాను. తప్పు చేశాను."

అక్కడ ఎండలు మొదలయ్యే నవంబర్‌లో కాడలు లావెక్కాయి. కట్టలో ఏడే పట్టాయి. సూపర్‌మార్కెట్ లోడు మొత్తం తిప్పి పంపింది. కొత్తగా చేరిన స్టూడెంట్ కిరణ్మయి నిర్లక్ష్యమే కారణమని గ్రాహమ్ తేల్చేశాడు. ఆ పిల్లకు డ్యూటీలు ఆపేస్తామన్నారు. కిరణ్మయి బాత్రూమ్‌లో ఏడవడం రాజేశ్వరమ్మ విన్నది. తను గ్రాహమ్‌కు పెట్టిన ఉచ్చులో చిక్కింది ఈ పిల్ల.

ఉదయం మీటింగ్‌లో చెయ్యెత్తింది. మొదటి మాటకే తడబడింది. పక్కనుంచి మిసెస్ క్వాన్ లేచింది. "ఈ చట్రం రాజీ చేసింది. నేను కళ్లారా చూశాను. ఆమె చెప్పేది వినండి."

రాజేశ్వరమ్మ వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే అంతా చెప్పింది. చెక్కముక్క తీసి చూపింది. గాడిలో పది కాడలు కుదురుగా కూర్చున్నాయి. ముందే తెలిసీ చెప్పకపోవడం తన తప్పేనని కూడా ఒప్పుకుంది. మేనేజర్ చట్రం బొమ్మ గీయించి, కింద ఆమె పేరు రాయించాడు. కిరణ్మయి పని నిలిచింది. గ్రాహమ్ సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ గోడ మీదే ఉంది.

"పోనీయ్ బిడ్డా," అంటుంది రాజేశ్వరమ్మ లాస్యతో. "ఆ ఆంటీ లేవకుంటె నేను ఆడ్నే కూలబడుతుంటి. ఆమె మేలు ఎట్ల మరుస్త?"

చదువుతున్న మీకు ఒక విన్నపం. మీ ఆఫీసులో, వంటశాలలో, తోటలో ఎవరి పని ఎవరి పేరున చలామణి అవుతోందో మీకు తెలిసే ఉంటుంది. ఈ వారమే, పదిమంది ఉన్నచోట, అసలు మనిషి పేరు గట్టిగా చెప్పండి. కాగితం మీద కూడా రాయించండి. ఆ మనిషి ఒప్పుకుంటేనే సుమా, ముందు అడిగి మరీ లేవండి.