సువార్త ఇంట్లో మోకాళ్ళ పరీక్ష

రాజమండ్రిలో మా అపార్టుమెంటులో పిల్లల్ని చూసుకునే పని నేను కావాలని మొదలుపెట్టలేదు. దానంతట అదే మొదలైంది. కింద ఫ్లాటులో ఉండే నర్సమ్మాయి ఒకరోజు "ఆంటీ, ఒక్క పది నిమిషాలు చూస్తారా?" అని కొడుకుని నా ఒళ్ళో కూర్చోబెట్టి డ్యూటీకి వెళ్ళింది. ఆ పది నిమిషాలు ఇంకా అవలేదు. వాడి వెనకాల ఎదురింటి పిల్ల, దాని వెనకాల మేడ మీది కవలలు చేరారు. ఇప్పుడు మా హాల్లో సోఫా ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి. ఒకసారి కవలల్లో ఒకడు బఠానీ గింజ ముక్కులో దూర్చుకున్నాడు. ఆ రోజు చేతులూ కాళ్ళూ ఆడక నేను వాడికంటే గట్టిగా ఏడిచాను. అది చూసి నర్సమ్మాయే చెప్పింది, భీమవరం దగ్గర ఇలా ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళకి ఒక సంఘం ఉందని, నేర్పిస్తారని, వెళ్ళి చూసి రమ్మని. ఒక శనివారం ఆ అమ్మాయికి సెలవు దొరికింది. పిల్లలందరినీ తన మీదే వదిలేసి, ఒక్క పది నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పి బయల్దేరాను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే పొద్దున్నే రైలెక్కండి. గోదావరి దాటి, నిడదవోలు, తణుకు మీదుగా సుమారు రెండు గంటల్లో భీమవరం టౌన్ స్టేషనులో దింపుతుంది. పాసింజరు టిక్కెట్టు రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదుకి మించదు. అత్తిలి దాటాక వరి చేలు పలచబడి రొయ్యల చెరువులు వరస కడతాయి. చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటే చూడ్డానికి బాగుంటుంది, కిటికీ తెరిచి ఉంటే వాసన కూడా తెలుస్తుంది. స్టేషను బయట, ఉండి అనే ఊరికి పోయే రోడ్డు వైపు వెళ్ళే షేరాటోలు ఉంటాయి, మనిషికి ముప్ఫై రూపాయలు. నేను ఎక్కిన ఆటో అతను నన్నూ, నా వెనకా ముందూ పరీక్షగా చూశాడు.

"ఎక్కడికండి?"

"పిల్లల్ని చూసుకునే సంఘం ఉందట కదండీ, ఐసు ఫ్యాక్టరీ దగ్గర, అక్కడికి."

"మరి పిల్లలేరండి?"

"లేరండి. నేనొక్కదాన్నే."

"పిల్లలు లేకుండా అక్కడికెళ్ళి ఏం చేస్తారండి?" అని నిజంగానే జాలిపడ్డాడు. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్ళావిడ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుందట. పాప అలాంటి ఇంట్లోనే పెరుగుతోందట. "మా పాప మా మాట వినదండి, ఆ చూసుకునే ఆవిడ మాటే వింటుంది. అన్నం తినకపోతే ఆవిడకి ఫోను చేసి స్పీకరు పెడతామండి" అన్నాడు. దిగేటప్పుడు డబ్బులు తీసుకుంటూ, ఇంకా ఆలస్యం కాలేదు, దేవుడు చల్లగా చూస్తాడు అన్నట్టు తలూపాడు. యాభై దాటిన దాన్ని, ఏం చెప్పను?

సంఘం అంటే పెద్ద భవనమేమీ కాదు. ఐసు ఫ్యాక్టరీ వెనక ఒక గది, గది నిండా బొమ్మలు, బొమ్మల మధ్య నాగమణి గారు. ఈవిడే సంఘం పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. ఇరవై ఏళ్ళుగా సొంత ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూనే ఈ పనీ చేస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో రొయ్యల ఫ్యాక్టరీలకీ, చేలకీ పనికెళ్ళే తల్లులు చీకటుండగానే పిల్లల్ని ఎవరో ఒకరింట్లో వదలాలి. ఆ ఇళ్ళవాళ్ళకి ఈ సంఘం వెన్నుదన్ను. కాలవ వైపు గేటు పెట్టిస్తారు, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో నేర్పుతారు. బొమ్మల సంచి ఒకటి వారానికో ఇంటికి తిరుగుతుంది. చూసుకునే ఆవిడకి జ్వరం వస్తే సంఘంలోంచి ఇంకొకరు వెళ్ళి కూర్చుంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకంటే నాకు జ్వరం వచ్చినప్పుడు నలుగురు పిల్లలూ నా మంచం మీదే ఆడుకున్నారు.

"మీరు మంచి రోజునొచ్చారండి. ఇవాళ ఒక కొత్త ఇంటికి పరీక్షుంది. పరీక్షకి ఒక తెలిసిన మనిషి, ఒక కొత్త మనిషి పాకాలండి. కొత్త మనిషి రానని ఇప్పుడే ఫోను చేసింది" అన్నారు నాగమణి గారు, నా మోకాళ్ళ వైపు చూస్తూ.

వాళ్ళ పద్ధతి అది. నిలబడి చూస్తే పెద్దవాళ్ళ ఇల్లే కనపడుతుంది కాబట్టి, మోకాళ్ళ మీద పాకుతూ ఇల్లంతా తిరగాలి. ఏడాది పిల్లకి ఏది కనపడుతుందో, ఏది అందుతుందో అప్పుడు తెలుస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది, పరీక్ష అయ్యేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. "మొదట్లో ముందు టిఫిను, తర్వాత పరీక్ష ఉండేదండి. గారెలు తిన్న నోటితో తప్పులెలా చెప్తామండి? అన్ని ఇళ్ళూ పాసైపోయేయి" అన్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, బొమ్మల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ స్కూటీ వెనక కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా సంచిలో రబ్బరు బాతు కుయ్యిమనేది. దారంతా గతుకులే. కాలవ గట్టున బట్టలుతుకుతున్న వాళ్ళందరూ మమ్మల్ని తలెత్తి చూశారు.

పరీక్ష జరిగే ఇల్లు సువార్తది. తనకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళు షెడ్డులో రొయ్యలు ఒలిచింది. ఐసులో నానీ నానీ వేళ్ళు పుళ్ళు పడి, ఇక ఆ పని చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి తోటి పనివాళ్ళ పిల్లల్ని తనింట్లో చూసుకుంటోంది. సోమవారం నుంచి ఫ్యాక్టరీలో కొత్త షిఫ్టు. సంఘం ఒప్పుకున్న ఇల్లయితేనే పిల్లల్ని వదులుతామని తల్లులు తేల్చి చెప్పారు. ఇవాళ తప్పితే మళ్ళీ పరీక్ష వచ్చే నెల. ఈలోగా పిల్లలు ఊరి అవతల ఇంకో ఇంటికి అలవాటు పడితే సువార్తకి ఉన్న ఒక్క ఆధారం పోతుంది. ఇదంతా నాగమణి గారు స్కూటీ మీద నాకు చెప్తుంటే ఊరంతా వింది.

ఇంటి ముందు ముగ్గు. నేల ఫినాయిలు వాసనతో తళతళలాడుతోంది. గూళ్ళ నిండా ప్లాస్టిక్కు పూలు, గాజు గ్లాసుల సెట్టు. మంచం మీద మడత నలగని కొత్త దుప్పటి. బల్ల మీద గారెలు, పులిహోర, రొయ్యల వేపుడు, సేమ్యా పాయసం. పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావుడి చేయరు.

"ముందు కాళ్ళు కడుక్కుని టిఫిను చేయండి" అంది సువార్త.

"పరీక్ష అయ్యాకమ్మా" అన్నారు నాగమణి గారు.

"అదేంటండి! మా గడప తొక్కి తినకుండా ఉంటారా? మా ఇంట్లో తినరా ఏంటి?"

ఆ మాటకి ఎవరైనా కాదనగలరా? నియమం పెట్టిన నాగమణి గారే ఒక గారె అన్నారు. నేను మర్యాద కోసం ఆరు తిన్నాను. వేపుడు సంగతి రాస్తే మీరు నన్ను నమ్మరు, కాబట్టి రాయను. చేతులు కడుక్కుంటున్నప్పుడు నాకు ఏదో వెలితిగా తోచింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

"పిల్లలేరీ?" అన్నాను.

"పక్కింట్లో పెట్టేసానండి. మీరొస్తున్నారు కదా, ఇల్లంతా గోల చేస్తారని" అంది సువార్త, మెచ్చుకుంటామని ఎదురుచూస్తూ.

నాగమణి గారు ఉన్నచోటే కూలబడ్డారు. "పిల్లల్ని ఎలా చూసుకుంటావో చూద్దామని వస్తే, పిల్లల్ని పంపించేసావా?"

"చుట్టాలొస్తే ఎవరింట్లో అయినా అంతే కదండీ!"

సరే, మోకాళ్ళ మీద దిగాం. ఆరు గారెలతో పాకడం ఎలా ఉంటుందో పాకినవాళ్ళకే తెలుసు. మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి అంచు ఎత్తాను. ఫినాయిలు సీసా, కత్తిపీట, అగ్గిపెట్టెలు, మాత్రల డబ్బా, ఇస్త్రీ పెట్టె అన్నీ అక్కడే ఉన్నాయి, సరిగ్గా నా ముక్కు ముందు. రోజూ గూళ్ళలో ఎత్తున ఉండేవన్నీ పూలకీ గాజు గ్లాసులకీ చోటు చేయడం కోసం మంచం కిందకి నెట్టింది. నాగమణి గారు కూడా వంగి చూసి, ఫినాయిలు సీసా బయటికి లాగారు.

"తప్పిందమ్మా" అన్నారు.

సువార్త ముఖం వాడిపోయింది. "రోజూ ఇలా ఉండదండి! రోజూ ఇవన్నీ పైనే ఉంటాయండి. మీరొస్తున్నారని సద్దేనండి" అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మర్యాద చేయబోయి ఆ పిల్ల తన బతుకే పోగొట్టుకుంటోంది, ఆ మర్యాదంతా తిన్నది నేను.

నాగమణి గారు ఆ సీసా సువార్త చేతిలో పెట్టారు. "అయితే రోజూ ఎలా ఉంటుందో అలా పెట్టు. మేం రాలేదనుకో. పిల్లల్ని పిలు" అన్నారు. అప్పుడు మొదలైంది అసలు హడావుడి. పూలు మూటగట్టాం. గాజు గ్లాసులు పక్కింటికి వెళ్ళాయి, పిల్లలు ఇటొచ్చారు. కత్తిపీటా సీసాలూ గూళ్ళెక్కాయి, కొత్త దుప్పటి పోయి పాత బొంత వచ్చింది. నలుగురు పిల్లలు చేరిన కాసేపటికి నేల మీద మరమరాలు, గోడ మీద బొగ్గు గీతలు. సువార్త ముఖం కూడా మారింది. ఇందాక అతిథుల ముందు బిగుసుకుపోయిన మనిషి ఒకడి ముక్కు తుడుస్తూ, ఇంకోదాని జడ వేస్తూ, మూడోవాణ్ణి మాటతోనే బల్ల మీంచి దింపుతోంది.

మళ్ళీ పాకాం. ఈసారి పిల్లలు ఇదేదో ఆటనుకుని నా వీపు ఎక్కారు. మంచం కింద ఒక చెప్పు, సగం తిన్న బిస్కెట్టు తప్ప ఏమీ లేవు. చివరికి మిగిలింది గేటు. గేటు దాటితే కాలవే. నాగమణి గారు పాకుతూ వెళ్ళి గడియ పిల్లలకి అందుతుందా అని చెయ్యి చాపారు, అందలేదు. వెంటనే ఆ నలుగురిలో ఏడాదిన్నర చిన్ని, ఇంకా సరిగ్గా నడవడం కూడా రాని పిల్ల, తప్పటడుగులు వేస్తూ వెళ్ళి ఆవిడ కొంగు రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. కళ్ళు పెద్దవి చేసి, అచ్చం సువార్త గొంతుతో అరిచింది. "అమ్మో! నీళ్ళు! తప్పు! రా!"

నాగమణి గారు కదల్లేదు. చిన్ని వదల్లేదు. ఆవిడ వెనక్కి నాలుగు అడుగులు పాకేదాకా లాగి, బుగ్గ మీద ఒకటి తట్టి, బుద్ధిగా కూర్చోబెట్టింది. నాగమణి గారు కింద కూర్చునే, కళ్ళు తుడుచుకుంటూ, "పాసయ్యావమ్మా" అన్నారు. సువార్త బావురుమంది. ఎందుకో తెలియక పిల్లలూ ఏడిచారు, నేనైతే ముందే మొదలుపెట్టాను. తర్వాత పాయసం తిన్నాం, ఈసారి నియమం ప్రకారమే.

తిరుగు రైల్లో మోకాళ్ళు రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించాను. మనింటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు పిల్లల్ని దాచేస్తాం, తర్వాత వాళ్ళ గోలకి క్షమాపణలు చెప్పుకుంటాం. నేనూ ఇన్నాళ్ళూ మా హాలు చూసి సిగ్గుపడ్డాను. ఇక పడను. వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: చీర వద్దు, చుడీదారు వేసుకోండి, అదీ మోకాళ్ళ దగ్గర మందంగా ఉన్నది. మంగళవారం సువార్త ఫోను చేసింది. వెనకాల ఒకడు ఏడుస్తున్నాడు, ఒకరు పాడుతున్నారు, ఏదో పళ్ళెం దొర్లుతోంది. "నలుగురూ వస్తున్నారండి, ఇంకో ఇద్దరు తల్లులు కూడా అడిగేరండి" అని చెప్పి, కాస్త గొంతు తగ్గించింది. "మీరు మాత్రం ఇప్పుడప్పుడే రాకండేం. ఇల్లు అస్సలు బాగోలేదండి."