హాడోలో చర్చి కూల్చిన శనివారం

పెళ్ళి మాటల్లో మావాళ్ళకి చెప్పింది ఒక్కటే, అబ్బాయికి అండమాన్‌లో గవర్నమెంటు ఉద్యోగం అని. ఏం ఉద్యోగమో మా నాన్న అడగలేదు. నేనూ అడగలేదు. విశాఖపట్నంలో ఓడెక్కిన రెండోరోజు, వాంతులు తగ్గి నేను లేచి కూర్చున్నాక ఆయనే చెప్పారు, ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్ అని.

"అంటే ఏటి చేస్తారు?" అన్నాను.

"ఎక్కడైనా అంటుకుంటే ఎల్లి ఆర్పుతాం."

చుట్టూ సముద్రం ఉన్న ఊళ్ళో దానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. భీమిలి దగ్గర ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్ళకి కరువేమిటనుకున్నాను. ఆ వేసవిలోనే తెలిసింది. పోర్ట్ బ్లెయిర్‌లో వానాకాలం ఎంత కుండపోతగా ఉంటుందో, జనవరి దాటాక అంత ఎండుతుంది. కుళాయి రోజు విడిచి రోజు, అదీ అరగంట. బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్ళం అక్కడే కూరలు తరుక్కునేవాళ్ళం. స్టేషన్‌లో ఒక ఇంజన్ ఉండేది. దాని టాంకులో నీళ్ళు గట్టిగా కొడితే ఐదారు నిమిషాలకి ఐపోయేవి. తర్వాత మిగిలేది సముద్రమే. చక్రాల మీద లాక్కెళ్ళే పంపు ఒకటి ఉండేది. దాన్ని ఒడ్డుకి దించి, లావుపాటి గొట్టం నీళ్ళలో ముంచి, పైకి తోడాలి. పోటు మీద ఉంటే సముద్రం రోడ్డు పక్కదాకా వచ్చి ఉంటుంది. పాటు మీద ఉంటే బురదే మిగులుతుంది, గొట్టం అందదు. అందుకే మా ఆయన డ్యూటీకి వెళ్ళగానే మొదట చేసే పని ఆనాటి పోటు పాటు వేళలు నల్లబల్ల మీద రాయడం.

పోర్ట్ బ్లెయిర్ రేవు పక్క హాడోలో మా క్వార్టర్లన్నీ చెక్కవే. చెక్క గోడలు, చెక్క నేల, పైన రేకులు. కర్ర అక్కడిదే, సిమెంటు ఓడ మీద రావాలి. వంట రంపపు పొట్టు పొయ్యి మీద. రేకు డబ్బాలో పొట్టు గట్టిగా కూరి, మధ్యలో కన్నం ఉంచి అంటిస్తే పూట వంట మొత్తం ఐపోయేది. కాకపోతే ఆ పొయ్యి పైకి చల్లారినట్టే కనబడి లోపల నిప్పు దాచుకుంటుంది. మా ఆయన మా ఇంటి పొయ్యిని రోజూ బయటికి తీసుకెళ్ళి మట్టిలో బోర్లించేవారు. ఇరుగుపొరుగు నవ్వేవారు.

మా ఇంటికి రోడ్డవతల కొండవాలు మీద, కింది నుంచి పైకి ఒకదాని తర్వాత ఒకటిగా క్వార్టర్లు రెండు వరసలు. కింది వరసలో తొమ్మిది ఇళ్ళు, పై వరసలో ఇరవై దాకా. రెంటికీ మధ్య మా తెలుగు చర్చి. చర్చి అంటే పెద్దదనుకోకండి. అరవైమంది కూర్చునే చెక్క గది, రేకుల కప్పు, గుమ్మం మీద శిలువ. ఆంధ్రా నుంచి వచ్చిన గుమాస్తాలు, టీచర్లు, హార్బరు పనివాళ్ళు కలిసి ఆదివారాలు తామే మేకులు కొట్టి కట్టుకున్నది. ముందుండి కట్టించినాయన మా సంఘ పెద్ద, ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు, గోదావరి వైపు మనిషి. నన్ను కూతురిలా చూసేవారు. శనివారం శనివారం చర్చి తుడిచి, కిటికీలు కడిగే పని నాకు అప్పజెప్పి, తాళంచెవి కూడా నా చేతికే ఇచ్చారు. ఊరు కాని ఊళ్ళో నా మీద ఒకరు నమ్మకం పెట్టడం అదే మొదలు. ఆ తాళంచెవి కొంగుకి కట్టుకుని తిరిగేదాన్ని.

ఈస్టర్‌కి రెండు వారాల ముందు శనివారం. పొద్దున పది గంటలైంది. బల్లలు తుడుస్తున్నాను. పొగ వాసన వచ్చింది. ఎవరో ఆకులు తగలబెడుతున్నారనుకుని పట్టించుకోలేదు. తర్వాత కింది వరస నుంచి ఆడవాళ్ళ కేకలు వినబడ్డాయి. బయటికి వచ్చి చూస్తే అన్నిటికన్నా కిందనున్న ఇంటి వంటగది కిటికీలోంచి మంట బయటికి వస్తోంది. ఆ ఇంటావిడ కుళాయి దగ్గరికి వెళ్ళింది. లోపల ముసలత్తగారు నడవలేని మనిషి. పక్కింటి తమిళాయన, ఇంకో ఇద్దరు కలిసి ఆమెని మంచంతో సహా బయటికి మోసుకొచ్చారు. ఆమె ఒంటికి ఏమీ కాలేదు. ఆ రోజంతటిలో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, ముందే చెబుతున్నాను.

ఇంజన్ పది నిమిషాల్లోపే వచ్చింది. మా ఆయన ముందే దూకారు. టాంకు నీళ్ళు మొదటి రెండిళ్ళ మీద ఐపోయాయి. వీధి కుళాయికి గొట్టం తగిలిస్తే చుక్క రాలేదు, ఆ రోజు మా వంతు కాదు. స్టేషన్ ఆఫీసరు పంజాబీ ఆయన, మంచి మనిషి. పంపు బండి తీసుకుని సగంమందితో ఒడ్డుకి పరుగెత్తారు. కాసేపటికి ఒక ఫైర్‌మన్ వగర్చుకుంటూ పైకి వచ్చి మా ఆయనతో అన్నాడు, "భయ్యా, పాటు మీదుంది. బురదలో పలకలు పరిచి పంపు దించుతన్నాం. సాబ్ ఏక్ ఘంటా బోలా."

ఇంకో గంట దాకా నీళ్ళు లేవన్నమాట.

గాలి కింద నుంచి కొండపైకి కొడుతోంది. ఎండిన చెక్క ఎలా మండుతుందో ఆ రోజే చూశాను. ఒక ఇంటి గోడ ముందు నల్లబడుతుంది, తర్వాత పొగలు కక్కుతుంది, మంట తాకకుండానే భగ్గుమంటుంది. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. పై వరసవాళ్ళు ట్రంకుపెట్టెలు, కోళ్ళు, పిల్లలతో రోడ్డు మీదికి వచ్చేశారు. మేము బకెట్లతో ఇసుక అందించుకుంటున్నాం, అది దేనికీ చాలడం లేదు.

మా ఆయన ఒక్క నిమిషం కదలకుండా నిలబడ్డారు. కింది వరస చివర చూశారు, చర్చి చూశారు, పై వరస చూశారు. తర్వాత ఇంజన్ మీదున్న పొడుగు గడల కొక్కేలు, గొడ్డళ్ళు, తాళ్ళు దించమని చెప్పి చర్చి వైపు నడిచారు. ఏం చేయబోతున్నారో నాకు అర్థమైంది. తలుపు మీద గొడ్డలి ఎత్తేసరికి నేను అడ్డం వెళ్ళాను.

"తలుపు బద్దలు కొట్టొద్దు. తాళం నాకాడుంది."

"అయితే బేగి తియ్యి."

మొత్తం చర్చే పోబోతుంటే తలుపు గురించి పట్టుకున్నాను చూడండి. తాళం తీసి పక్కకి జరిగాను.

అంతలో సంఘ పెద్ద వచ్చారు. ఆఫీసు నుంచి పరుగున వచ్చినట్టున్నారు, చొక్కా తడిసిపోయి ఉంది. కొక్కేలు చూసి ఆయనకీ అర్థమైంది.

"బాబూ, కాస్త ఆగు. ఇంకా ఐదిళ్ళ అవతల ఉంది కదా."

"ఇక్కడి దాకా వచ్చేక పీకలేం అయ్యగారూ. ఇది తీసేస్తే మధ్యన ఖాళీ వస్తాది. పైవరస నిలబడతాది."

"గాలి తిరగొచ్చు. ఓ పావుగంట చూద్దాం."

"తిరక్కపోతే?"

పెద్దాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎంతమంది చేతులతో కట్టామో నీకు తెలుసు కదయ్యా," అన్నారు.

"తెలుసండి. నేనూ మేకులు కొట్టేను. పక్కకి రండి."

లోపలున్నవి బయటికి తెచ్చాం. బైబిలు, పాటల పుస్తకాలు, హార్మోనియం, ప్రభురాత్రి భోజనం గిన్నె, బల్లలు. సంఘ పెద్ద ఒక్క వస్తువూ ముట్టుకోలేదు, రోడ్డు అంచున నిలబడి చూస్తూ ఉన్నారు. కప్పు రేకులు ఊడదీసి, మూలరాటలకి తాళ్ళు కట్టి, మా ఆయన లెక్క చెబుతుంటే లాగారు. లాగినవాళ్ళలో మావాళ్ళు కొద్దిమందే. పై వరసలోని బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు, మలబారు వాళ్ళు, ఎవరు దొరికితే వాళ్ళు తాడు పట్టుకున్నారు. గోడ మొదట కిర్రుమని వంగి ఆగింది. రెండో లాగుడుకి పడిపోయింది. పడ్డ చెక్కల్ని అక్కడే వదలకుండా పైకి, దూరంగా ఈడ్పించారు. ముప్పావుగంటలో అక్కడ రాటల గుంతలు, ఎర్రమట్టి మిగిలాయి.

మంట తొమ్మిదో ఇంటికి వచ్చింది. అదే కింది వరసలో ఆఖరిది. అప్పుడే గాలి పడిపోయింది. పడిపోయి, నెమ్మదిగా పక్కకి తిరిగింది. ఇంకాసేపటికి కింద నుంచి గొట్టం ఉబ్బుతూ వచ్చి ఉప్పునీళ్ళు కొట్టడం మొదలైంది. తొమ్మిదో ఇల్లు సగం కాలి ఆగింది. చర్చి ఉన్న నేల మీద కొన్ని నిప్పురవ్వలు పడి వాటంతటవే చల్లారాయి. పై వరసలో ఒక్క ఇంటికీ ఏమీ కాలేదు.

కాబట్టి చర్చిని కూల్చడం అవసరమైందో కాదో ఎవరికీ తెలియదు. చర్చి ఉంటే ఆ రవ్వలకే అంటుకునేదని కొందరన్నారు. గాలి తిరిగింది కదా, పావుగంట ఆగితే చర్చి మిగిలేదని కొందరన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి స్నానానికి నీళ్ళు లేక తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటుంటే అడిగాను.

"నిజంగా తియ్యాల్సిందేనా?"

"తెలీదు."

"తెలీదంటే ఎలాగ? రేపు అందరూ నన్నే అడుగుతారు."

"తెలీదంటే తెలీదే. ఆ టైముకి తోచింది చేసీసినాను. గాలి తిరుగుతాదని నాకెవులు చెప్పినారు?"

నాకు కోపం వచ్చింది. అవసరమే అని ఆయన గట్టిగా ఒక్కమాట అంటే నేను పదిమందికీ చెప్పుకునేదాన్ని. ఆయన నాతో కూడా అనలేదు. కొన్ని వారాలపాటు అవసరానికి మించి ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది అన్యాయం. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం కన్నా ఆయన ఏం చెయ్యగలరు?

మర్నాడు ఆరాధన ఆ ఎర్రమట్టి మీదే జరిగింది. బల్లలు వాలుగా ఉండి పక్కకి జారుతున్నాయి, కాలిన వాసన పోలేదు. సంఘ పెద్ద ఇళ్ళు పోయినవాళ్ళ కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. చర్చి గురించి ఒక్కమాట అనలేదు. మా ఆయన ఆఖరి బల్ల మీద కూర్చున్నారు. ఆరాధన ముగిశాక పెద్దాయన అందరికీ చేతులు కలిపి, మా దగ్గరికి వచ్చేసరికి నన్ను మాత్రం, "బాగున్నావా అమ్మాయ్," అని పలకరించి ముందుకి వెళ్ళిపోయారు. నేను కొంగున ఉన్న తాళంచెవి విప్పి ఆయన వెనకే వెళ్ళి చేతిలో పెట్టాను. తీసుకున్నారు.

తర్వాత ఏడాదిన్నర ఆయన మా ఆయనతో మాట్లాడలేదు. వైరం లాంటిదేమీ లేదు. దారిలో ఎదురైతే తలూపేవారు, అంతే. మా ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు. నేను రెండుసార్లు మానేద్దామంటే, "తప్పు చేసినోడిలాగ ఇంట్లో కూకోమంటావా?" అన్నారు.

పై వరసలో ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. నన్ను దీదీ, అంటే అక్కా, అనేది, నాకన్నా పదేళ్ళు పెద్దదైనా. ఈస్టర్‌కి మూడురోజుల ముందు ఆమె, ఆమె భర్త, ఇంకో నలుగురు పై వరసవాళ్ళు వచ్చి, పీకిన చెక్కలు, రేకులు కిందికి దించి, ఎండకి నిలబడేలా ఒక పందిరి వేశారు. ఎవరూ వాళ్ళని అడగలేదు. ఆమె హిందీలో నాతో అంది, "మీ దేవుడిల్లు పోయి మా ఇల్లు ఉండిపోయింది దీదీ, మాకు నిద్ర పట్టడం లేదు." నేను ఆ మాట మా ఆయనకి చెప్పాను. ఆయన వింటూ అన్నం తిన్నారు. కొంచెం ఎక్కువే తిన్నారు.

పందిట్లోనే రెండు ఈస్టర్లు గడిచాయి. తర్వాత సంఘానికి సిమెంటు ఇటుకలతో కట్టుకోవడానికి అనుమతి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. సంఘ పెద్ద. చంకలో చుట్టిన కాగితం. లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆ కాగితం బల్ల మీద పరిచారు. కొత్త చర్చి ప్లాను.

"క్వార్టర్లకీ దీనికీ మధ్య ఎంత వదలాలో గీత గియ్యి," అన్నారు మా ఆయనతో.

మా ఆయన పెన్సిలు తీసుకుని గీశారు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఇంతా? ఇంకేముంటుందయ్యా మాకు కట్టుకోడానికి?"

"ఇంజన్ దూరాల కదండి. తలుపు తీసి మనిషి దిగాల."

"ఇంజన్ పట్టడానికి ఇంతక్కర్లేదు. నేను కొలిపించాను."

"కొలిచినోడు గొట్టం మోసినాడా ఎప్పుడైనా?"

గంటసేపు వాదించుకున్నారు. గీత రెండుసార్లు చెరిపారు, మళ్ళీ గీశారు. నేను లోపల టీ కాస్తూ వింటున్నాను. ఏడాదిన్నర తర్వాత ఆ ఇద్దరి గొంతులూ కలిసి వినడం నాకు పాటలా ఉంది. రెండోసారి టీ ఇచ్చేసరికి ఇద్దరూ చెరి కొంచెం తగ్గారు. ఆ శనివారం గురించి మాత్రం అప్పుడూ, ఆ తర్వాత పెద్దాయన రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయేదాకా కూడా, ఇద్దరూ ఎత్తలేదు.

మా ఆయన రిటైరయ్యాక మేం ఆంధ్రా వెళ్ళలేదు, పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆస్టినాబాద్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయాం. ఊరికి పెద్ద ఇంజన్లు వచ్చాయి, రోడ్ల పక్క నీళ్ళ పైపులు వచ్చాయి, హాడోలో చెక్క క్వార్టర్లు చాలావరకు పోయాయి. పొట్టు పొయ్యి అంటే మా మనవలకి తెలియదు. ఆదివారాలు ఇప్పటికీ బస్సెక్కి హాడో చర్చికే వెళతాం. ఆ ఇద్దరూ గీసిన సందు అలాగే ఉంది. కాకపోతే కుర్రకారు అందులో స్కూటర్లు పెడతారు. మా ఆయన ఆరాధనకి ముందే ఒక్కొక్కరినీ పిలిచి తీయిస్తారు. వాళ్ళు, "అంకుల్, పాంచ్ మినిట్," అంటారు. గత వారం ప్రసంగం జరుగుతుంటే సందులోకి బండి వచ్చిన చప్పుడు విని లేచి బయటికి వెళ్ళారు. పాస్టరుగారు ఆయన వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు.